శ్రీపాల్ తీసేసిన పిల్ల

మరిపెడ దాటాక వచ్చే ఒక మండలంలో, పాత తహసీలు వెనకాల, రేకుల వరండా వేసిన రెండు గదుల ఇల్లొకటి ఉంది. దాన్ని మండల విద్యా వనరుల కేంద్రం అంటారు. అందులో ఉన్న వనరులు ఇవీ: ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, పంచగా మిగిలిన పాఠ్యపుస్తకాల కట్టలు, శ్రీపాల్. వీటన్నిటిలో సరిగ్గా పనిచేస్తున్నది తానొక్కడే అని శ్రీపాల్ నమ్మకం.

శ్రీపాల్‌ది స్టేషన్ ఘన్‌పూర్. తండ్రి సోమనర్సయ్యకు అక్కడ బస్టాండు పక్కన పంచర్ల దుకాణం ఉంది. కొడుకును ఇంజినీరు చేద్దామని వరంగల్‌లో చేర్పించాడు. కొడుకు రెండేళ్ళు ఇంజినీరింగ్‌ని భరించి, మూడో ఏడు దాన్ని వదిలేశాడు. ఎవరైనా అడిగితే "గ్యాప్ తీసుకున్న" అంటాడు. ఆ గ్యాప్‌లో సెల్‌ఫోన్ కవర్లు అమ్మాడు, కేటరింగ్‌లో వడ్డించాడు, యూట్యూబ్‌లో మూడు వీడియోలు పెట్టి, వాటిని తానే చూసుకున్నాడు. చివరికి చుట్టం ఒకాయన చెప్పగా ఈ కాంట్రాక్టు ఉద్యోగంలో పడ్డాడు.

ఉద్యోగం పేరు డేటా ఆపరేటర్. పని ఏమంటే, మండలంలో ఏ బడిలో ఏ పిల్ల ఏ తరగతి చదువుతోందో పేరు పేరునా కంప్యూటర్లో సరిచూడటం. రాష్ట్రానికి ఒక లెక్క పోతుంది, ఢిల్లీకి యూడైస్ అని ఇంకో లెక్క పోతుంది. పిల్లలు మాత్రం వాళ్ళే. పుస్తకాలు, యూనిఫాం బట్ట, మధ్యాహ్నం అన్నానికి బియ్యం, అన్నీ ఆ లెక్క మీదే దిగుతాయి. కాబట్టి తాను ఢిల్లీ తరఫున ఈ మండలంలో కూర్చున్న మనిషినని శ్రీపాల్ లోలోపల అనుకునేవాడు. ఢిల్లీకి ఆ సంగతి తెలియదు.

ఆ లెక్కలో "మధ్యలో బడి మానేసినవారు" అని ఒక గడి ఉంటుంది. దాని విషయంలో శ్రీపాల్ మహా కఠినం. హెడ్మాస్టర్లకు ఫోన్ చేసి, "ఏంది సార్, మానేసిన పిల్లలను మల్ల తీసుకరావాలె గదా, బాధ్యత లేదా?" అని గదమాయించేవాడు. తన పేరు తన కాలేజీ వాళ్ళ లెక్కలో ఏ గడిలో ఉందో మాత్రం ఎన్నడూ వెతుక్కోలేదు.

ఆఫీసు ఊడ్చి చాయ్ పెట్టే ఎల్లక్క ఊరుకునే రకం కాదు.

"పిలగా, సదువు ఇడిసిపెట్టిన పోరగాండ్లను నువ్వు రాస్తవ్. మరి నిన్నెవలు రాసిండ్రు?"

"నాది గ్యాప్ ఎల్లక్కా."

"మా ఎనక గోడకు గూడ గ్యాపే వచ్చింది. వానకాలం రాంగనే కూలింది."

పోయిన చలికాలంలో శ్రీపాల్‌కు ఒక వైభవం పట్టింది. జిల్లా నుంచి రోజూ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో మండలాల పట్టిక వచ్చేది. పని ముగించిన మండలానికి పచ్చరంగు, ముగించనిదానికి ఎర్రరంగు. శ్రీపాల్ మండలం ఎర్రగా, మిరపకాయలు ఆరబోసిన కల్లంలా ఉండేది. కారణం డూప్లికేట్లు. ఒకే పిల్ల పేరు రెండుసార్లు ఎక్కిందేమోనని కంప్యూటర్‌కు అనుమానం వస్తే, రెండు పేర్లనూ జంటగా చూపిస్తుంది. పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ కలిస్తే చాలు, దానికి అనుమానమే. బడికి ఫోన్ చేసి, నిజంగా ఒక్కరేనా, ఇద్దరా అని కనుక్కొని, ఒక్కరే అయితే ఒక పేరు తీసేయాలి.

శ్రీపాల్ ఫోన్ చేయలేదు. చేస్తే హెడ్మాస్టర్లు "ఆగు తమ్మీ, రిజిస్టర్ చూసి చెప్త" అంటారు. ఆ చూడటంలో పొద్దుగూకుతుంది. అందుకని తానే ఒక సూత్రం కనిపెట్టాడు: ఆధార్ ఉన్న పేరు ఉంచు, లేని పేరు తీసెయ్. తల్లి పేరు కూడా చూడొచ్చు గానీ, దానికి ఇంకొక్క నొక్కు నొక్కాలి. సర్వర్ నెమ్మది, శ్రీపాల్ చురుకు. ఆ నొక్కు నొక్కలేదు. టిఫిన్ డబ్బా తెరవక ముందే మండలం పచ్చబడింది.

తర్వాతి జిల్లా సమీక్షలో పెద్దసారు "చూడండి, ఈ అబ్బాయిని చూసి నేర్చుకోండి" అని చప్పట్లు కొట్టించాడు. శ్రీపాల్ ఆ ఫోటో స్టేటస్ పెట్టుకున్నాడు. స్టేటస్ మర్నాటికల్లా పోతుంది కాబట్టి మర్నాడు మళ్ళీ పెట్టాడు.

జూన్ వచ్చింది. బడులు తెరిచిన వారం, ఒక బుధవారం పొద్దున, గుండ్రాళ్ళ తండా నుంచి మంగ్లీ అనే ఆమె పదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొని ఆఫీసుకు వచ్చింది. వెనకాలే తండా బడి హెడ్మాస్టర్ అబ్దుల్ సత్తార్ సార్ స్కూటర్‌కు స్టాండు వేస్తూ కనిపించాడు.

"తమ్మీ, మా పోరికి గురుకులంల ఐదో తరగతి సీటొచ్చింది," అంది మంగ్లీ గడపలోంచే. "శనారం లోపట టీసీ ఇయ్యకపోతే సీటు ఇంకొకలకు పోతదట. సారేమో కంపీటర్ల పేరొస్తలేదు అంటడు. పేరొస్తెనే టీసీ వస్తదట. జర చూడు."

శ్రీపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఇలాంటి సమయాలు అతనికి ఇష్టం. "సత్తార్ సార్‌కు వెతకరాదక్కా. పేరు చెప్పు."

"బానోత్ పూజ."

"తండ్రి?"

"హీర్యా."

శ్రీపాల్ టకటకా కొట్టాడు. "గిదో! ఉన్నది గదా. సార్, గింతదానికి అక్కను గింత దూరం తిప్పుతరా? తల్లి పేరు కమ్లి, ఆధార్ గూడ..."

"నేనేడ కమ్లినయ్యా? నేను మంగ్లీని."

"మరి కమ్లి ఎవలు?"

"పొడుగు హీర్యా పెండ్లాం. మాది పొట్టి హీర్యా ఇల్లు."

కంప్యూటర్లో పొడుగూ పొట్టీ రాసుకోవడానికి గడి లేదు. శ్రీపాల్ ఇంకోసారి వెతికాడు. మరోలా వెతికాడు. గొంతు సవరించుకున్నాడు.

"మీ పాప లేదక్కా."

"లేకపోవుడేంది? గిదో ఉన్నది గదా!" మంగ్లీ కూతురి రెక్క పట్టి ముందుకు జరిపింది.

"అంటే సిస్టంల లేదు."

"సిస్టంల ఎందుకుంటది? నా ఎంబడి వచ్చింది."

పూజ అనే ఆ పిల్ల బల్ల మీదికి వంగి తెరలోకి తొంగిచూసింది, తాను ఎక్కడైనా మూలకు కనిపిస్తానేమోనని.

తీసేసిన పేర్లు కనిపించే పేజీ ఒకటి ఉంటుంది. శ్రీపాల్ అది తెరిచాడు. అక్కడుంది బానోత్ పూజ. తండ్రి హీర్యా, తల్లి మంగ్లీ. చలికాలంలో తీసేశారు. తీసేసినవారు అన్నచోట శ్రీపాల్ పేరు ఇంటిపేరుతో సహా నిండుగా, ముచ్చటగా ఉంది. అతను తెరను మెల్లగా గోడవైపు తిప్పాడు.

"సర్వర్ ప్రాబ్లం," అన్నాడు.

సత్తార్ సార్ కళ్ళజోడు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "సర్వర్ కాదు మియా. మా తండాల పూజలు ఇద్దరు. ఒకరిని ఎవడో ఉల్లు తీసేసిండు."

"ఎవడో నేను కనుక్కుంట సార్."

"కనుక్కో. నాకు గూడ చెప్పు. ఒకసారి సూరత్ చూస్త వాన్ని."

శ్రీపాల్ పరువు నిలబెట్టుకోవడానికి ఎదురుదాడికి దిగాడు. "అయినా సార్, ఇద్దరి పుట్టినరోజు ఒక్కటే ఎట్లయితది? ఇద్దరిది జూన్ ఒకటే."

"ఇద్దరిదే కాదు, సగం బడిది జూన్ ఒకటే," అన్నాడు సత్తార్ సార్, అందులో వింతేముందన్నట్టు. "పుట్టినరోజు ఎర్క లేదంటే జూన్ ఒకటి రాస్త. బడి తెరిచేనాటికి వయసు సక్కగ నిండుతది. నాకు గూడ మా సార్ గదే రాసిండు."

"మా పోరి పుట్టింది మిరపకాయ తెంపేటప్పుడు," అంది మంగ్లీ. "జూన్‌ల మిరపతోట యాడుంటది సారూ?"

శ్రీపాల్ బయటికొచ్చి, ఎల్లక్క చాయ్ గిన్నె దగ్గర నిలబడి, మానుకోటలో జిల్లా డేటా చూసే ఉమారాణి మేడంకు ఫోన్ చేశాడు. "ఎవరో పొరపాటున" అని మొదలుపెట్టాడు. ఉమారాణి మేడం అటువైపు కీబోర్డు చప్పుడు చేసి, "ఎవరో అంటే నువ్వే కద," అంది.

తీసేసిన పేరును మళ్ళీ ఎక్కించడానికి పద్ధతి ఉంది. ఇద్దరూ వేర్వేరు పిల్లలని రుజువు కావాలి. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, చోటూ సమయమూ పడేట్టు ఫోటో తీయాలి. ఇద్దరి తల్లిదండ్రుల ఆధార్లూ జతచేయాలి. తప్పు ఏ స్థాయిలో జరిగిందో రాయాలి. ఇదంతా శుక్రవారం సాయంత్రంలోగా అందితే శనివారం పొద్దున టీసీ తీయొచ్చు.

"ఇద్దరు పిల్లలు ఒకే తండా కదా, అరగంట పని," అని శ్రీపాల్ ఉత్సాహంగా లోపలికొచ్చాడు. "సార్, ఇంకో పూజ బడికి వచ్చిందా ఇయ్యాల?"

సత్తార్ సార్ కిటికీలోంచి స్కూటర్ వైపు చూశాడు. "వాళ్ళు రేగొండ పోయిండ్రు. పొడుగు హీర్యా ఆడ భూమి కౌలుకు పట్టిండు."

"ఎప్పుడు పోయిండ్రు?"

"దసరా అయినంక."

"మరి కంప్యూటర్ల రోజు బడికి వస్తున్నట్టున్నది గదా!"

సత్తార్ సార్ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు. జవాబు మంగ్లీ చెప్పింది. "పేరు కొట్టేస్తే బడిల పిల్లలు తక్కువైతరని ఉంచిండు తీ. నువ్వేమో రోజు వచ్చేదాన్ని కొట్టేస్తివి... నువ్వు గాదులే, సర్వర్."

అప్పుడు శ్రీపాల్‌కు తన చలికాలపు ఘనకార్యం మొత్తంగా కనిపించింది. బడికి రోజూ వచ్చే పిల్లను తీసేసి, బడికి రాని పిల్లను పచ్చగా ఉంచాడు. దానికి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

గురువారం తెల్లవారగానే బయలుదేరారు. బండి శ్రీపాల్‌ది, నడిపేది శ్రీపాల్, మధ్యలో పూజ, వెనక మంగ్లీ. పొట్టి హీర్యా హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయినందువల్ల అతని ఆధార్ మంగ్లీ రవికెలో ప్రయాణం చేస్తోంది. తొర్రూరు, వర్ధన్నపేట దాటి వరంగల్ చేరేసరికి మంగ్లీ శ్రీపాల్ డ్రైవింగ్ గురించి చెప్పాల్సినవన్నీ చెప్పేసింది. గుంత వచ్చిన ప్రతిసారీ "గిది గూడ సర్వరేనా తమ్మీ?" అంటోంది.

వరంగల్ ఊళ్ళోంచి పోతున్నప్పుడు శ్రీపాల్ తన పాత కాలేజీ ఉన్న రోడ్డు తప్పించి చుట్టూ తిప్పి తీసుకుపోయాడు. అక్కడ అతన్ని గుర్తుపట్టేవాళ్ళెవరూ లేరు. అయినా తిప్పాడు.

ఊరు దాటాక పూజ నోరు విప్పింది. పొద్దుటి నుంచీ ఏదో లెక్క వేసుకుంటున్నట్టుంది.

"సార్, నన్ను ఎప్పుడు తీసేసిండ్రు?"

"చలికాలంల."

"చలికాలంల నేను రోజు బడికి పోయిన. ప్రేయర్ల ప్రతిజ్ఞ నేనే చెప్పిన."

"అవునా? మంచిది."

"మరి పేరు లేనోళ్ళకు బియ్యం రావని మా సార్ అంటడు గదా. చలికాలంసంది నేను ఎవల అన్నం తిన్న?"

శ్రీపాల్ బండిని పరకాలలో ఒక చాయ్ దుకాణం ముందు ఆపాడు. చాయ్ కోసం కాదు, ఆ ప్రశ్న వీపు మీద పెట్టుకొని బండి నడపడం అతని వల్ల కాలేదు. ముగ్గురికీ చాయ్ చెప్పి, బన్ను చెప్పి, గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"అక్కా, అది సర్వర్ కాదు. నేనే తీసేసిన."

మంగ్లీ చాయ్ ఊదుకుంటూ ఆగింది. "అంటే నిన్నటిసంది నువ్వు సర్వర్ సర్వర్ అనుకుంట చెప్తున్నది నీ పేరేనా?"

పూజ ఫక్కున నవ్వింది, చాయ్ పొలమారింది. దుకాణం ఆయన కూడా, సంగతేమిటో తెలియకపోయినా నవ్వాడు.

"ఎందుకు తీసేసినవ్?"

"తొందరల. ఇద్దరు ఒక్కటే అనుకున్న."

"ఒక్కమాట అడిగితే చెప్పకపోదుమా?"

"అడగలే."

మంగ్లీ గ్లాసు కింద పెట్టి, కూతురి మూతి కొంగుతో తుడిచింది. "నడు, బండి ఎక్కు. తిట్టుడు మస్తున్నది గని రేగొండ చేరినంక తిడ్త. ఈడ తిడితే నువ్వు ఇంటికి పోతవ్."

ఆమెకు మనుషుల లెక్క బాగా తెలుసని శ్రీపాల్‌కు అనిపించింది. నిజంగానే, తిడితే పోదామనే అతను ఒక కాలు బండివైపు పెట్టుకొని నిలబడ్డాడు.

రేగొండ అవతల, రోడ్డు దిగి మట్టిబాటలో పోతే పొడుగు హీర్యా కౌలు చేను వచ్చింది. తొలివాన పడింది, పత్తిగింజ పెడుతున్నారు. పొడుగు హీర్యా నిజానికి అంత పొడుగేం కాదు. పొట్టి హీర్యా పక్కన నిలబడితే పొడుగు, అంతే. అతని భార్య కమ్లి, మరో ఇద్దరు ఆడవాళ్ళు, చివరి సాలులో గింజల సంచి మెడకు తగిలించుకొని ఒక పిల్ల.

ఆ పిల్ల వీళ్ళను చూసి సంచి అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. పూజ ఎదురు పరుగెత్తింది. ఇద్దరూ మధ్యలో ఆగి, ఏం చేయాలో తెలియక ఒకరి చేతులు ఒకరు పట్టుకొని ఊపుకున్నారు. రేగొండ పూజ తాటిచెట్టులా సన్నగా, ఎత్తుగా ఉంది, ముఖం నిండా చెమట. తండా పూజ ఆమె భుజం దాకా కూడా రాదు, బుగ్గలు బూరెల్లా ఉంటాయి. సత్తార్ సార్ తరగతిలో వీళ్ళు పెద్ద పూజ, చిన్న పూజ అట. ఒకే బల్ల. వీళ్ళిద్దర్నీ ఒక్కరనుకోవాలంటే రెండు కళ్ళూ మూసుకోవాలి. చలికాలంలో శ్రీపాల్ చేసింది సరిగ్గా అదే.

ఫోటో అనగానే పొడుగు హీర్యా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"వద్దు సారూ. ఫోటో వద్దు."

"ఎందుకన్నా? ఒక్క ఫోటో. చిన్న పూజ సీటు పోతది."

"సత్తార్ సార్ చెప్పిండు, నీ బిడ్డ తండాల లేదని ఎవలకు చెప్పకుమని. చెప్తే తండాల బడి ఎత్తేస్తరట. ఇప్పుడు రేగొండల దిగినట్టు ఫోటో పెడితే, నేను బడిని కూలగొట్టినట్టే గదా?"

మంగ్లీ అతనితో లంబాడీలో గట్టిగా మాట్లాడింది. కమ్లి మధ్యలో దూరింది. చేతులు ఊగాయి, తండాలో పాత సంగతులేవో లేచాయి. శ్రీపాల్‌కు ఒక్కటే అర్థమైంది, మాటిమాటికీ వస్తున్న "సర్వర్" అన్న మాట. అందరూ తనవైపు చూసి నవ్వుతున్నారు. కానీ హీర్యా చేతులు మాత్రం వెనకనుంచి రాలేదు.

చివరికి శ్రీపాల్ సత్తార్ సార్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, అందరికీ వినపడేలా పట్టుకున్నాడు. సంగతి చెప్పాడు. అవతల సార్ వెనకాల పిల్లల ఎక్కాలు వినిపిస్తున్నాయి.

"శ్రీపాల్, పెద్ద పూజ పేరు పోతే ఈడ పిల్లలు మరీ తక్కువైతరు," అన్నాడు సత్తార్ సార్. "ఉన్న ఇంకో టీచరమ్మను వేరే బడికి తోలుతరు. అయిదు తరగతులు నేనొక్కన్నే పట్టాలె."

"అవును సార్."

"అవును అనుడు కాదు. నేను చెప్పుకుంటున్న, అంతే." ఇంకాస్త ఎక్కాల చప్పుడు. "తియ్ మియా. ఫోటో తియ్. హీర్యా, ఇంటున్నవా? నీ బిడ్డను ఆడ బడిల ఎయ్యి. నేను పేరు ఇడిసిపెడ్త, ఆడి బడోళ్ళు ఎక్కిచ్చుకుంటరు."

హీర్యా చేతులు ముందుకొచ్చాయి గానీ నోరు మాత్రం ఒప్పుకోలేదు. "బడి ఏస్తే పత్తి పని ఎవలు చేస్తరు? తరువాత చూస్తం తీ."

ఇక్కడ శ్రీపాల్ ఛాతీ విరిచాడు. సమీక్షల్లో విని విని కంఠతా వచ్చిన ఉపన్యాసం ఒకటి అతని దగ్గర ఉంది. "చూడన్నా, చదువు మధ్యల ఆపితే పిల్లల భవిష్యత్తు..." అని ఎత్తుకున్నాడు.

"నువ్వెంత సదివినవ్ సారూ?" అన్నాడు హీర్యా. వెటకారం లేదు, మామూలుగానే అడిగాడు.

గ్యాప్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చేనులో అందరూ చూస్తున్నారు. పెద్ద పూజ కూడా చూస్తోంది.

"మధ్యల ఇడిసిపెట్టిన."

"ఎందుకు?"

"ఒకదాంట్ల ఫెయిలైన. సిగ్గయ్యి ఒక వారం పోలే. తరువాత ఇంకో వారం పోలే. రూంల పండుకునేది. కాలేజోళ్ళేమో గవర్నమెంట్ ఫీజు రావాలని నేను రోజు వస్తున్నట్టే రాసుకున్నరు. ఒక్కలు గూడ ఎందుకు వస్తలేవని అడగలే."

"అడిగితే పోతుంటివా?"

శ్రీపాల్ ఆలోచించాడు. అవును అంటే బాగుండేది, ఉపన్యాసానికి అతికేది. "తెల్వదన్నా. పోకపోదునేమో గూడ. గని అడిగితే బాగుండు అనిపిచ్చింది."

హీర్యా కూతురివైపు చూశాడు. "నిన్ను ఎవలన్న అడిగిండ్రా?" పెద్ద పూజ తల అడ్డంగా ఊపింది. కమ్లి గింజల సంచి తీసి తన మెడలో వేసుకుంటూ, ఈ పత్తి పెట్టుడు అయిపోయినంక సోమవారంనుంచి పోతది తీ అంది. దీన్ని శ్రీపాల్ తన ఉపన్యాసం గొప్పతనంగా ఎక్కడా చెప్పుకోలేదు, ఎందుకంటే ఉపన్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

ఫోటో దిగారు. మొదటిదాంట్లో చిన్న పూజ కళ్ళు మూసింది. రెండోదాంట్లో మంగ్లీ అడ్డమొచ్చింది. మూడోది కుదిరింది. పెద్ద పూజ పెద్దగా, చిన్న పూజ చిన్నగా, వెనక ఎర్రటి చేను, కింద రేగొండ అని చోటు పేరు. సిగ్నల్ కోసం శ్రీపాల్ కాలువ గట్టు ఎక్కి ఆధార్లన్నీ ఎక్కించాడు. ఆఖర్న ఆ ప్రశ్న వచ్చింది: తప్పు ఏ స్థాయిలో జరిగింది? మూడు జవాబులు. సాంకేతికం. పాఠశాల. మండలం.

అతని వేలు సాంకేతికం మీదికి దానంతట అదే పోయింది. అలవాటైన వేలు. అయినా ముందు ఉమారాణి మేడంకు ఫోన్ చేశాడు.

"సాంకేతికం పెడితే హైదరాబాద్ పోతది, వారం ఆగాలి," అంది ఆమె. "పాఠశాల పెడితే సత్తార్ సార్‌కు మెమో, ఆయన జవాబిచ్చేదాకా ఫైలు కదలదు. మండలం పెడితే నా దగ్గరే ముగుస్తది. కాకపోతే నీ పేరు సమీక్షల చదువుతరు. ఏది పెడతవో నీ ఇష్టం."

మంగ్లీ గట్టు కింద నిలబడి పైకి చూస్తోంది. శ్రీపాల్ మండలం నొక్కాడు. దీన్ని నిజాయితీ అంటే అతనే ఒప్పుకోడు. శనివారంలోగా అయ్యేది అదొక్కటే. సాంకేతికం కూడా ఆరోజే అయ్యేదైతే ఏం నొక్కేవాడో అతనికి తెలుసు.

తిరుగు దారిలో, మాట ప్రకారం, మంగ్లీ తిట్టింది. రేగొండలో మొదలుపెట్టి పరకాల దాకా తిట్టి, అక్కడ అలసి కూతురి వీపు మీద తల ఆనించి నిద్రపోయింది.

శుక్రవారం సమీక్షలో పేరు చదివారు. పెద్దసారు చలికాలంలో ఎంత గట్టిగా మెచ్చుకున్నాడో అంత గట్టిగానే తిట్టాడు. శ్రీపాల్ తల వంచుకొని టేబుల్ మీద ఉన్న బిస్కెట్లు చూస్తూ నిలబడ్డాడు. సమావేశం అయ్యాక ఉమారాణి మేడం మెట్ల మీద ఆపింది.

"నీ పని అయిపోలేదు. మిగతా మండలాలల్ల తీసేసిన పేర్లు గూడ చూడాలె. నీలెక్కనే అందరు తొందర పడ్డట్టున్నరు. బడిబడికి ఫోన్ చేసి కనుక్కో."

"నేనే ఎందుకు మేడం?"

"తప్పు ఎట్ల జరుగుతదో నీకన్న బాగ ఎవలకు ఎర్క?"

శనివారం పొద్దున టీసీ వచ్చింది. ప్రింటర్ ఆ రోజు తనకు కూడా పట్టింపు ఉన్నట్టు రెండుసార్లు కాగితం నమిలి, మూడోసారి సరిగా ఇచ్చింది. గురుకులం గేటు దగ్గర ట్రంకుపెట్టెలతో తల్లులు, బకెట్లతో తండ్రులు. గుమాస్తా టీసీ చూసి, తన కంప్యూటర్లో చూసి, ముద్ర కొట్టాడు. చిన్న పూజ బకెట్ పట్టుకొని లోపలికి నడిచింది. మెట్ల దగ్గర ఎవరో పిల్ల పరిచయమైనట్టుంది, వెనక్కి తిరగడం మరిచిపోయింది.

మంగ్లీ ఏడవలేదు. శ్రీపాల్ చొక్కా పట్టి లాగింది.

"ఫోన్ తియ్. చూపియ్."

"ఏం చూపియ్యాలె అక్కా?"

"మా పోరి. అండ్ల ఉన్నదో లేదో."

శ్రీపాల్ తెరిచి చూపించాడు. ఆమెకు చదవడం రాదు. "యాడ?" అంది. వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ చోటును, ముఖం చూసినట్టు, దగ్గరగా చూసింది. కింద తల్లి పేరు ఎక్కడుందో కూడా అడిగి చూసింది. అప్పుడు గానీ చొక్కా వదల్లేదు. ఇంటిదాకా దింపుతానంటే వద్దంది. బస్సులో పోతానంది, నడుములు మిగలాలి కదా అంది.

ఆ తర్వాతి సోమవారం, శ్రీపాల్ వేరే మండలంలో తీసేసిన ఎవరి పేరు గురించో ఒక హెడ్మాస్టర్‌తో మాట్లాడుతూ, "చూసి చెప్పండి సార్, నేను ఆగుత" అంటుండగా రెండో ఫోన్ మోగింది. మంగ్లీ. అటువైపు పలకరింపు ఏమీ లేదు.

"ఉన్నదా?"

"ఉన్నదక్కా."

"చూసి చెప్తున్నవా, ఊకెనే అంటున్నవా?"

శ్రీపాల్ చూడలేదు. నిజంగానే ఊరికే అన్నాడు. హెడ్మాస్టర్‌ను ఆగమని, పేజీ తెరిచాడు. సర్వర్ నెమ్మదిగా తిరుగుతోంది. ఎల్లక్క చాయ్ తెచ్చి పెట్టి, ఏమైంది పిలగా అన్నట్టు చూసింది.

"ఆగక్కా," అన్నాడు ఫోన్లో. "వస్తున్నది."

"ఆగుత," అంది మంగ్లీ.